నాలుగు పలకల కాండం, నాలుగు గింజలు
(నిమ్మ వాసన మొక్కలను గుర్తించడం, పెంచడం)

– ఒక పూర్వ విద్యార్థి, జీవశాస్త్ర ఉపాధ్యాయుడు



పోయిన సారి మన హాస్టల్‌కు వచ్చినప్పుడు ఒక తమ్ముడు నన్ను ఒక ప్రశ్న అడిగాడు. "సార్, పుస్తకంలో లెమన్ బామ్ అనే మొక్క గురించి చదివినాను. ఆకు నలిపితే నిమ్మకాయ వాసన వస్తుందంట. మన హాస్టల్ వెనుక కూడా అట్లాంటి వాసన వచ్చే మొక్క ఒకటి ఉంది. అదేనా సార్ ఇది?" అని. వెళ్ళి చూశాను. అది లెమన్ బామ్ కాదు. అయితే ఆ ప్రశ్న మంచి ప్రశ్న. నా చిన్నతనంలో ఈ ప్రశ్న అడగకుండా నేనే జవాబు చెప్పుకొని ఒక పెద్ద తప్పు చేశాను. అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

లెమన్ బామ్ అంటే ఏమిటి?

దీని శాస్త్రీయ నామం మెలిస్సా అఫిసినాలిస్. 1753లో లిన్నేయస్ పెట్టిన పేరు ఇది. గ్రీకు భాషలో మెలిస్సా అంటే తేనెటీగ. దీని పూలకు తేనెటీగలు ఎక్కువగా వస్తాయి కనుక ఆ పేరు వచ్చింది. దీని పుట్టిల్లు మధ్యధరా సముద్ర తీరాలు, పశ్చిమ ఆసియా. మన తెలుగులో దీనికి వాడుక పేరు లేదు. కారణం సులభం: ఇది చల్లని చోట పెరిగే మొక్క. మన ఎండలకు ఆరుబయట నిలవదు.

ఆకు చూడటానికి పుదీనా ఆకులాగే ఉంటుంది. హృదయాకారంలో, అంచు గుండ్రని పళ్ళతో, పైభాగం ముడతలు ముడతలుగా ఉంటుంది. పువ్వులు చిన్నవి, తెలుపు లేదా లేత పసుపు. పుదీనాలాగా నేల మీద తీగలు పాకించదు, గుబురుగా పెరుగుతుంది. నిమ్మ వాసనకు ముఖ్య కారణం సిట్రాల్ అనే పదార్థం. నిమ్మగడ్డిలో కూడా ఉండేది ఇదే. కాబట్టి ఒక మాట గుర్తుంచుకోండి: వాసన ఒకటైనంత మాత్రాన మొక్క ఒకటి కాదు. నిమ్మగడ్డి వరి, జొన్నల కుటుంబానికి చెందిన గడ్డి. లెమన్ బామ్ తులసి, పుదీనాల కుటుంబానికి చెందినది.

తులసి కుటుంబాన్ని గుర్తించడం ఎలా?

ఈ కుటుంబాన్ని లేమియేసి అంటారు. పాత పేరు లేబియేటి, అంటే పెదవులు కలది అని అర్థం. గుర్తులు నాలుగు. నాలుగూ చూడాలి.

1. కాండం: లేత కొమ్మను రెండు వేళ్ళ మధ్య తిప్పండి. గుండ్రంగా జారదు, నాలుగు పలకలు వేళ్ళకు తగులుతాయి.
2. ఆకులు: కణుపుకు రెండు, ఎదురెదురుగా ఉంటాయి. కింది జత తూర్పు పడమరలకు ఉంటే, పై జత ఉత్తర దక్షిణాలకు ఉంటుంది.
3. పువ్వు: పై పెదవి, కింది పెదవి అని రెండు భాగాలుగా తెరచుకున్న నోరులాగా ఉంటుంది.
4. కాయ: పువ్వు రాలిన తరువాత మిగిలిన గిన్నె లోపల చూడండి. అడుగున నాలుగు చిన్న ఎండు గింజలు ఉంటాయి. సాధారణంగా కండగల పండు ఉండదు.

మన చుట్టూ ఉన్న బంధువులు

లెమన్ బామ్ మన దగ్గర లేకపోయినా దాని బంధువులు చాలా ఉన్నాయి. పెరట్లో తులసి, కుండీలో పుదీనా ఉంటాయి. రుద్రజడ గింజలే వేసవిలో నానబెట్టుకొని తాగే సబ్జా గింజలు. చేలగట్ల మీద తెల్లని పూల తుమ్మి కనబడుతుంది. బంజరులో ముళ్ళబంతుల్లాంటి గుత్తులతో రణభేరి నిలబడి ఉంటుంది. పూలమాలలో కట్టే మరువం కూడా ఈ కుటుంబమే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మాలలో మరువం పక్కనే ఉండే దవనం ఈ కుటుంబం కాదు. అది చామంతి బంధువు. కొమ్మ పట్టుకొని చూస్తే పలకలు ఉండవు, ఆకులు ఎదురెదురుగా ఉండవు, చీలికలుగా ఉంటాయి. అలాగే బజ్జీలు వేసుకునే వామాకు తులసి కుటుంబం, వాము గింజ ఇచ్చే మొక్క మాత్రం కొత్తిమీర కుటుంబం. రెండింటికీ వాసన ఒకటే.

మోసం చేసే మొక్క

2002 కరువు ఏడు. నేను అప్పుడు ఏడవ తరగతి. సెలవులకు ఇంటికి పోయినాను. మా అవ్వ రెండు గొర్రె పిల్లలను సాకుతూ ఉండేది. ఊరంతా వెదికినా పచ్చి గడ్డి పోచ లేదు. అవ్వ కూలికి పోయిన రోజున నేను వంక గట్టున పచ్చగా ఉన్న ఒక పొద చూసినాను. ఆకు నలిపితే ఘాటుగా వాసన వచ్చింది. కాండం తడిమితే నాలుగు పలకలు! ఆకులు ఎదురెదురుగా ఉన్నాయి. బడిలో నేర్చుకున్న పాఠం గుర్తుకు వచ్చింది. ఇది తులసి జాతి, మంచిదే అనుకొని మోపు కోసుకొచ్చి, కట్టేసిన పిల్లల ముందర వేసినాను.

రెండు మూడు రోజులకు అవి మేత మానేసినాయి. కళ్ళు పచ్చబడినాయి. ఎండలోకి వస్తే చెవులు, మూతి వాచి పొక్కినాయి. ఒకటి బతికింది, ఒకటి చచ్చిపోయింది. పశువుల డాక్టరు గారు ఆ కొమ్మ చూసి లాంటానా అన్నారు. మన వైపు తలంబ్రాల చెట్టు అని కూడా అంటారు. మా అవ్వ నన్ను కొట్టలేదు. "ఇడిసిపెట్టింటే ఆ కంప దిక్కు పొయ్యేటివి గాదురా. కట్టేసి ఏస్తే ఆకలికి తినినాయి" అని మాత్రం అన్నది. ఆ మాట నాకు ఇప్పటికీ వినబడుతుంది.

నేను నేర్చుకున్న పాఠం తప్పు కాదు. సగమే చూసినాను. లాంటానా అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాల నుండి 19వ శతాబ్దం మొదట్లో అలంకారం కోసం మన దేశానికి తెచ్చిన మొక్క. దీనికి కూడా పలకల కాండం, ఎదురెదురు ఆకులు ఉంటాయి. కాని కాండం మీద చిన్న వంకర ముళ్ళు ఉంటాయి. ఆకు గరుకుగా ఉంటుంది. ఒకే పూగుత్తిలో పసుపు, నారింజ, గులాబి రంగులు కలిసి ఉంటాయి. కాయలు పచ్చగా పుట్టి నల్లని కండగల పండ్లవుతాయి. నాలుగు ఎండు గింజలు ఉండవు. దీనిలోని లాంటాడీన్ అనే విషం పశువుల కాలేయాన్ని చెడగొడుతుంది. పచ్చి కాయలు పిల్లలు తినకూడదు. మూడవ గుర్తు, నాలుగవ గుర్తు చూసి ఉంటే ఆ పిల్ల బతికేది.

మన నేలలో పెంచడం

మన అనంతపురానికి ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపుతాయి, ఈశాన్య మేఘాలు సముద్రం నుండి ఇంత దూరం వచ్చేసరికి బలహీనపడతాయి. 2022లో జిల్లా రెండుగా విడిపోయింది గాని కరువు విడిపోలేదు. కాబట్టి మనం మొక్క కంటే ముందు నీళ్ళు చూసుకోవాలి.

లెక్క వేయండి. హాస్టల్‌లో 100 మంది ఉంటే, పళ్ళెం కడగటానికి ఒక్కొక్కరు అర లీటరు వాడినా పూటకు 50 లీటర్లు. కుండీకి లీటరు చొప్పున 50 కుండీలకు సరిపోతుంది. మొదటి కడుగు నీళ్ళు, సబ్బు నీళ్ళు వద్దు. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్ళు చాలా మంచివి.

• ఎర్రమట్టి రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలపండి. కుండీ అడుగున రంధ్రం తప్పనిసరి.
• మొదట వామాకు నాటండి. జానెడు కొమ్మ గుచ్చితే చాలు, వేరు పోసుకుంటుంది. దళసరి ఆకులో నీరు నిల్వ ఉంటుంది కనుక ఎండను ఓర్చుకుంటుంది.
• పుదీనా కట్టలో వేరున్న కాడలు ఏరి నీడపట్టున నాటండి.
• నిమ్మ వాసన కావాలంటే నిమ్మగడ్డి పిలక ఒకటి వేయండి. ఏడాదిలో పెద్ద దుబ్బు అవుతుంది.
• కుండీ పైన బుడ్డల పొట్టు పరచండి. తేమ త్వరగా ఆరిపోదు.

లెమన్ బామ్ గింజలు దొరికితే ప్రయత్నించవచ్చు. నవంబరులో వేయండి. గింజ చాలా చిన్నది, మొలవటానికి వెలుతురు కావాలి కనుక మట్టి కప్పకుండా పైన చల్లి అదమండి. తడి ఆరకుండా చూస్తే రెండు మూడు వారాలలో మొలకలు వస్తాయి. ఉదయపు ఎండ మాత్రమే తగిలే తూర్పు గోడ దగ్గర ఉంచండి. మార్చి దాటాక నీడలోకి మార్చండి. అయినా ఎండిపోతే బాధపడవద్దు. తప్పు మీది కాదు, అది ఈ నేల మొక్క కాదు.

ఉపయోగాలు – జాగ్రత్త

లెమన్ బామ్ ఆకుల టీని ఐరోపాలో చాలా కాలంగా తాగుతున్నారు. మనకు నిమ్మగడ్డి, తులసి టీ ఉండనే ఉన్నాయి. రోజూ మందులు వాడే వారు డాక్టరును అడగకుండా ఏ ఆకు కషాయమూ అలవాటు చేసుకోకూడదు. లక్నోలోని సీమాప్ అనే కేంద్ర సంస్థ ఇలాంటి ఔషధ, సుగంధ మొక్కల మీదనే పరిశోధన చేస్తుంది. మీలో ఒకరు అక్కడికి చేరితే మాకు అంతకంటే సంతోషం లేదు.

మీకు ఒక పని

ఈ ఆదివారం హాస్టల్ చుట్టూ తిరిగి, ఎదురెదురు ఆకులున్న ఐదు మొక్కల కొమ్మలు తెచ్చుకోండి. ఒక్కొక్కదానికీ నోటు పుస్తకంలో నాలుగు గడులు గీసి కాండం, ఆకు, పువ్వు, కాయ రాయండి. ఏదైనా గడి ఖాళీగా ఉంటే ఆ మొక్క పేరు రాయవద్దు. పూసే వరకు, కాసే వరకు ఆగండి. అంతవరకు నోట్లో పెట్టుకోవద్దు, పశువుకు వేయవద్దు. ఊరిలో గొర్రెలు కాసే అవ్వలను, తాతలను కూడా అడగండి. వాళ్ళు నాలుగు గడులు గీయరు గాని, వాళ్ళ దగ్గర పాఠం పూర్తిగా ఉంటుంది.