ఐడియా కొనకండి, కూర్చుని రాయండి

కొత్తపట్నం నుంచి రోజూ ఒంగోలుకు బస్సెక్కి వెళ్లి చదువుకునే పిల్లల తల్లిదండ్రులు ఈమధ్య ఒకటే అడుగుతున్నారు: "స్టార్టప్ కోర్సులో చేర్పిస్తే మావాడికి ఐడియాలు వస్తాయా సార్?" ఆ వెంటనే పిల్లవాడి ముందే, "వీడికి సొంత బుర్ర లేదు" అనేస్తారు. దయచేసి ఆ మాట అనకండి. ఐడియా పుట్టుకతో వచ్చే వరం కాదు, ఫీజు కడితే దొరికే సరుకూ కాదు. సాధన చేస్తే అబ్బే పని. దానికి కాగితం, కలం, కాస్త ఏకాంతం చాలు.

ఈ అపోహ మీద పెద్ద వ్యాపారమే నడుస్తోంది. రెండు రోజుల క్రియేటివిటీ వర్క్‌షాప్ చివర చేతికి వచ్చేది సర్టిఫికెట్ ఒక్కటే. బీటెక్ చివరి ఏడాదిలో ఇంకో ఉచ్చు ఉంది. హైదరాబాద్ అమీర్‌పేటలో కోడ్, రిపోర్టు, పీపీటీ అన్నీ కలిపి ప్రాజెక్టులు అమ్ముతారు. మిర్చి అమ్మిన డబ్బో, చేపల వేట మీద వచ్చిన డబ్బో తెచ్చి అక్కడ పోస్తున్నారు. తీరా ఇంటర్వ్యూలో "ఈ సమస్యనే ఎందుకు ఎంచుకున్నావు?" అని అడిగితే పిల్లవాడికి నోరు పెగలదు. నా సలహా ఒక్కటే: చిన్నదైనా సరే, సొంత ప్రాజెక్టే చేయండి.

నలుగురు కూర్చుంటేనే ఆలోచనలు వస్తాయన్నది మరో నమ్మకం. బ్రెయిన్‌స్టార్మింగ్‌కు ప్రాచుర్యం తెచ్చిన అమెరికా ప్రకటనల నిపుణుడు అలెక్స్ ఆస్బోర్న్ కూడా గుంపు బలాన్నే నమ్మాడు. 1958లో యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దాన్ని పరీక్షించారు. కలిసి కూర్చున్న నలుగురి కన్నా, విడివిడిగా ఆలోచించిన నలుగురి జాబితాలు కలిపితే దాదాపు రెట్టింపు ఐడియాలు తేలాయి. గుంపులో ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి, పైగా నవ్వుతారన్న భయం. ఒంటరిగా ఉంటే ఆ రెండూ ఉండవు.

మన చింతకింది మల్లేశాన్నే చూడండి. ఆలేరు ప్రాంతపు చేనేత కుటుంబం, హైస్కూలు చదువు కూడా పూర్తి కాలేదు. ఒక్క చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పాలంటే, చేయి దాదాపు 9,000 సార్లు ఆడించాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక 1992లో ఆ పని చేసే యంత్రం తయారీ మొదలుపెట్టారు. డబ్బు చేతిలో ఉన్నప్పుడల్లా ఒక్కో భాగం చేసుకుంటూ వచ్చి 1999లో పూర్తిచేశారు. ఆ లక్ష్మీ ఆసు యంత్రానికే 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఇంట్లో కనిపించిన కష్టాన్నే పట్టుకున్నారు, వదల్లేదు.

మీరూ ఊళ్లో సమస్యతోనే మొదలుపెట్టండి. "చేపల పరిశ్రమకు ఏదైనా చేయాలి" అనుకుంటే ఏమీ తట్టదు. "ఎండుచేపల్లో ఇసుక చేరకుండా ఎలా ఆరబెట్టాలి?" అని ప్రశ్నగా రాయండి. పావుగంటలో ఇరవై జవాబులు రాయాలి, ఒక్కటీ కొట్టేయకూడదు. మొదటి ఏడెనిమిదీ ఎవరికైనా తట్టేవే. కలం ఆగిపోయిన తర్వాత వచ్చేవే మీవి.

అలా ఆగినప్పుడు ఈ ప్రశ్నలు వేసుకోండి: ఎత్తు మారిస్తే? వస్తువు మారిస్తే? రెండు పనులు కలిపితే? ఏదైనా తీసేస్తే? బాబ్ ఎబర్లే 1971లో స్కాంపర్ పేరుతో కూర్చిన పద్ధతి ఇలాంటిదే. ఎత్తు మారిస్తే, కర్రలు పాతి వల పరిచి దాని మీద ఆరబెట్టడం తడుతుంది. అది ఇప్పటికే ఉన్న పద్ధతి అని తెలిసినా నిరాశ పడకండి. "మరి అందరూ ఎందుకు వాడటం లేదు? ఖర్చా, చోటు చాలకా, గాలికి పడిపోతుందనా?" అసలు ప్రాజెక్టు అక్కడ మొదలవుతుంది. జాబితాను ఒక రాత్రి పక్కన పెట్టి, మర్నాడు మూడింటిని ఎంచుకోండి. వాటిని చేపలు ఎండబెట్టే ఆడవాళ్లకు చెప్పండి. ఆ పని చేతులతో చేసేవాళ్ల కన్నా మంచి పరీక్షకులు మీకు దొరకరు.

స్కూలు పిల్లలైతే కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ మానక్ పథకానికి హెడ్మాస్టర్ ద్వారా ఐడియా పంపవచ్చు. ఎంపికైతే 10,000 రూపాయలు ఇస్తారు, ఫీజు లేదు.

అమ్మానాన్నలకు చివరిగా ఒక మాట. తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లలో కూర్చోబెట్టిన పిల్లలకు ఆలోచించే తీరిక ఎక్కడిది? ఖాళీగా కనిపిస్తే చాలు కసురుతున్నాం. రోజుకు అరగంట ఫోన్ పక్కన పెట్టించి, పక్కింటి పిల్లల మార్కుల మాట ఎత్తకుండా, వాళ్లను వాళ్ల నోటుబుక్కుతో వదిలేయండి. ఏం రాశారో వాళ్లంతట వాళ్లు చూపించేదాకా అడగకండి.