బంకులో కుర్రాడు లేని దేశంలో

బాన్సువాడలో బంకు ముందు కారాపితే దిగే పనే లేదు. "సున్నా చూస్కో అన్నా" అని కుర్రాడే పిలుస్తాడు, పోస్తాడు, మూత బిగిస్తాడు. మన చుట్టుపక్కల ఊళ్ల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లకూ ఈ పద్ధతి పెద్దగా మారదు, అక్కడా చాలాచోట్ల పోసేవాళ్లుంటారు. అమెరికాకు వచ్చినవాళ్లకే కొత్త. న్యూజెర్సీలో తప్ప దాదాపు అంతటా కార్డు గీకేది, పైపు పెట్టేది, మూత తిప్పేది మీరే.

చదువుకో, ఉద్యోగానికో డాలస్ వచ్చి, వాడిన కరోలానో సివిక్కో కొన్న కొత్తలో చాలామందికి ఎదురయ్యేదే ఇది. పెట్రోలు పోసుకున్న మర్నాడో, ఆ మర్నాడో డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలుగుతుంది. కొన్న డబ్బంతా మట్టిపాలైందన్న భయంతో ఎదురుగా కనిపించిన షెడ్డుకు పరుగెత్తకండి. ముందు మూత చూడండి.

ట్యాంకులో పెట్రోలు ఎప్పుడూ ఆవిరవుతూనే ఉంటుంది. ఆ ఆవిరి గాలిలో కలవకుండా బొగ్గు నింపిన ఒక డబ్బా పట్టి ఉంచుతుంది. దాన్ని కానిస్టర్ అంటారు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు పర్జ్ వాల్వ్ తెరుచుకుంటే ఆ ఆవిరి ఇంజిన్లోకి వెళ్లి కాలిపోతుంది. 1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే కార్లకు ఓబీడీ-2 అనే స్వీయ తనిఖీ వ్యవస్థ తప్పనిసరి. కారులోని కంప్యూటర్ అప్పుడప్పుడు ఈ దారులన్నీ మూసి లోపల ఒత్తిడి నిలుస్తోందా లేదా అని పరీక్షిస్తుంది. చాలా కార్లలో అర మిల్లీమీటరు రంధ్రమున్నా పసిగడుతుంది. మామూలుగా వరసగా రెండుసార్లు తప్పితేనే లైటు వేస్తుంది. బంకులో మూత సరిగా బిగించని పొరపాటు రెండు రోజులకు బయటపడేది అందుకే.

కాబట్టి మూత తీసి, చుట్టూ ఉన్న రబ్బరు రింగు పగిలిందేమో వేలితో తడిమి చూడండి. బాగుంటే టిక్కుమనే దాకా బిగించండి. లైటు వెంటనే ఆరదు. ట్యాంకు మరీ నిండుగా ఉన్నా, మరీ ఖాళీగా ఉన్నా కంప్యూటర్ ఆ పరీక్షే పెట్టుకోదు. కొన్ని రోజులు మామూలుగా నడపండి. రబ్బరు పోతే కొత్త మూత సాధారణంగా ఇరవై డాలర్ల లోపే వస్తుంది. కొన్ని ఫోర్డ్ కార్లకు అసలు మూతే ఉండదు, వెతుక్కోకండి.

అప్పటికీ ఆరకపోతే కంప్యూటర్ దాచుకున్న లోపం కోడ్ చదివించండి. ఆటోజోన్ వంటి విడిభాగాల షాపుల్లో చాలాచోట్ల ఉచితంగానే చదువుతారు. పి0457 అంటే మూత వదులు. పి0455 పెద్ద లీకు, పి0442 చిన్నది. పి0496 వస్తే పర్జ్ వాల్వ్ మూసుకోవడం లేదేమోనని అనుమానించాలి. దానికో గుర్తుంది: పెట్రోలు పోసుకున్న వెంటనే బండి ఓ పట్టాన స్టార్ట్ కాదు, దగ్గి దగ్గి అందుకుంటుంది. మిగతా రోజుల్లో మామూలే. మెకానిక్‌కు ఈ ఒక్క మాట చెబితే సగం వెతుకులాట తప్పుతుంది. కోడ్ నంబరు రాసుకోకుండా మాత్రం షెడ్డు మెట్లెక్కకండి. తెలియనివాడికే బిల్లు ఎక్కువ పడుతుంది, అది బాన్సువాడైనా డాలసైనా.

మన అలవాటొకటి ఇక్కడ ఖరీదవుతుంది. పైపు టక్కున ఆగాక ముప్పై ఎనిమిది డాలర్ల నలభై సెంట్లను నలభై చేద్దామని ఇంకాస్త నొక్కుతాం. చిల్లర బెడద ఉన్న రోజుల నాటి అలవాటు. కార్డు గీకే చోట రౌండు ఫిగరు ఎవరికోసం? అలా నింపితే ఆవిరి వెళ్లాల్సిన కానిస్టర్‌లోకి పెట్రోలే పోతుంది, బొగ్గు తడిసి పనికిరాకుండా పోతుంది. అది మార్చాలంటే వందల డాలర్లు. మొదటిసారి ఆగగానే పైపు తీసేయండి.

పంపు మీద 87 అని చూసి నాసిరకం అనుకోవద్దు. మన 91కీ ఇక్కడి 87కీ కొలిచే పద్ధతి వేరు, సరుకు ఇంచుమించు ఒకటే. ఈ85 అని రాసిన పైపు మాత్రం ఫ్లెక్స్ ఫ్యూయల్ కార్లకే. మామూలు కారులో పోస్తే అప్పుడూ ఇదే లైటు రావచ్చు. ఆకుపచ్చ పిడి చాలాచోట్ల డీజిల్‌ది, కానీ కొన్ని బంకుల్లో పెట్రోలుకూ అదే రంగు. రంగు కాదు, రాత చదవండి. డీజిల్ పడిందని తెలిస్తే తాళం తిప్పకుండా టో ట్రక్కును పిలవండి.

లైటు నిలకడగా వెలుగుతూ, బండి మామూలుగా నడుస్తుంటే ఆ పూట ఆఫీసుకు పోయి రావచ్చు. టపటపా ఆరుతూ వెలుగుతుంటే, బండి వణుకుతుంటే పక్కకు తీసి ఆపాల్సిందే. అది మూత సంగతి కాదు, సిలిండర్లో పెట్రోలు సరిగా మండటం లేదన్నమాట.

టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి మామూలు కార్లకు సేఫ్టీ తనిఖీ ఎత్తేశారు. అయినా డాలస్, కొలిన్, డెంటన్, టారెంట్, హారిస్ వంటి కౌంటీల్లో రిజిస్ట్రేషన్‌కు ఎమిషన్స్ పరీక్ష ఉంది. లైటు వెలుగుతుంటే పాస్ చేయరు. ముందురోజు కోడ్ చెరిపించి పోయినా, కంప్యూటర్ తన పరీక్షలు ఇంకా పూర్తి చేయలేదని యంత్రంలో కనిపిస్తుంది, వెనక్కి పంపుతారు. గడువుకు నెల ముందే మూత సంగతి చూసుకోండి.