గీత కింద అంకె

జిల్లా పడిపోలేదమ్మడూ, విడిపోయింది.

నువ్వు పంపిన గ్రాఫు చూశాను. 2022 దగ్గర తూర్పు గోదావరి గీత నిట్టనిలువునా కిందికి దిగింది. వరి విస్తీర్ణం, బడిపిల్లల సంఖ్య, పాడిపశువులు అన్నీ ఒకే ఏడాదిలో తగ్గాయి కాబట్టి, సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో మన జిల్లా వెనక్కి నడుస్తోందని ప్రాజెక్టులో రాసెయ్యనా పెదనాన్నా అని అడిగావు. రాసెయ్యకు. గణాంకశాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతూ ఈ ప్రశ్న అడిగినందుకు గట్టిగానే కోప్పడదామనుకున్నాను. కానీ రాసేశాక కాకుండా రాయకముందే అడిగావు చూడు, అందుకని వదిలేస్తున్నాను.

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. కాకినాడ ఒక జిల్లా, కోనసీమ ఒక జిల్లా అయి వెళ్ళిపోయాయి. రంపచోడవరం మన్యం అల్లూరి సీతారామరాజు జిల్లాలో కలిసింది. గోదావరికి పడమటి గట్టున ఉన్న కొవ్వూరు, నిడదవోలు, గోపాలపురం వైపు మండలాలు వచ్చి ‘తూర్పు’లో చేరాయి. 2011 జనగణనలో తూర్పు గోదావరి అంటే 51.5 లక్షల జనం. 2022 విభజన తర్వాత ఆ పేరు మిగిలిన జిల్లాలో అదే 2011 లెక్క ప్రకారం సుమారు 18 లక్షలు. ఇంకో సంగతి చెప్పనా? 2014లో పోలవరం ముంపు మండలాలు చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం ఖమ్మం నుంచి వచ్చి అప్పటి తూర్పులో కలిశాయి. అంటే నీ గీత రెండుచోట్ల తెగింది. పెద్ద తెగుడు ఒక్కటే నీ కంట పడింది.

మొత్తాలు తగ్గితే ఎవరైనా పట్టేస్తారు. శాతాలతోనే ప్రమాదం. అక్షరాస్యత తక్కువున్న కొండ మండలాలు లెక్కలోంచి తప్పుకుంటే, ఒక్క పిల్లకి కూడా కొత్తగా అక్షరం రాకుండానే జిల్లా అక్షరాస్యత పెరుగుతుంది. ఆ అంకె చూసి సంబరపడ్డ పెద్దమనుషులు నాకు తెలుసు. పేర్లు వద్దులే.

నువ్వు చెయ్యాల్సింది ఇదీ. జిల్లాని వదిలిపెట్టి మండలాల్ని పట్టుకో. మన రాష్ట్రంలో 2011 జనగణన పట్టికలు మండలాల వారీగా ఉన్నాయి. ఇప్పటి జిల్లాలో ఉన్న మండలాల జాబితా రాసుకుని, పాత లెక్కల్ని వాటి ప్రకారం మళ్ళీ కూడు. కూడేటప్పుడు శాతాలకి శాతాలు కలిపి సగటు తియ్యకు తల్లీ, నీకు దణ్ణం పెడతాను. మూడు లక్షల జనమున్న చోట 80 శాతం, యాభై వేలున్న చోట 60 శాతం అనుకో. నువ్వు 70 అంటావు. మనుషుల్ని లెక్కేస్తే 77 వస్తుంది. ఏడు శాతం తేడా అంటే ఇక్కడ పాతికవేల మంది.

నా గోలంతా ఒక్కటే. ఏ అంకె కనపడ్డా, గీత పైనున్న లవాన్ని తర్వాత చూసుకో, కిందున్న హారాన్ని ముందు చూడు. దేంట్లో ఎంత? ఎవరిలో ఎంతమంది? ఈ మాట మా ఇంట్లో ఎంతగా అరిగిపోయిందంటే, మీ పెద్దమ్మ కూరగాయల బండి దగ్గర కూడా ‘హారం ఎంత?’ అని అడుగుతుంది.

నాకిది పట్టుబడింది చేలల్లో. ఉద్యోగంలో ఉండగా పంటకోత ప్రయోగాలకి తిరిగేవాణ్ణి. ఎకరానికి ఎన్ని బస్తాలన్న లెక్క ఆకాశంలోంచి రాదు. ముందు యాదృచ్ఛిక సంఖ్యల పట్టికతో సర్వే నంబరు ఎంచుతాం. ఆ చేలో నైరుతి మూల నిలబడి, పట్టికలో వచ్చిన అంకెల ప్రకారం పొడుగున ఇన్ని అడుగులు, అడ్డంగా ఇన్ని అడుగులు వేసి, అక్కడ మేకు దిగ్గొట్టి, తాడు పట్టి అయిదు మీటర్లకి అయిదు మీటర్ల ముక్క కొలుస్తాం. ఆ ముక్కలో పంట కోయించి, నూర్పించి, తూర్పారబట్టించి, తూకం వేసి, తడి ఎంత పోతుందో ఎండబెట్టి చూస్తాం.

రైతు ఊరుకోడు. మంచి రైతునని పేరు కావాలనుకునేవాడు, ‘అక్కడెందుకండీ, ఈ పక్క కంకి బాగా దిగింది, ఇక్కడ కోయండి’ అంటాడు. బీమా డబ్బుల మీద ఆశ పెట్టుకున్నవాడు పడిపోయిన చేను చూపిస్తాడు. ఇద్దరికీ నేను చెప్పే జవాబు ఒకటే: పట్టిక ఎక్కడ చెబితే అక్కడ. ఒక్కోసారి ఆ అంకె మోకాల్లోతు బురదలోకి తీసుకుపోతుంది, దిగాల్సిందే. మా కుర్రాళ్ళు, ‘గట్టు పక్కనే కోసేద్దాం సార్, ఎవరు చూస్తారు?’ అనేవాళ్ళు. గట్టు పక్కన పైరుకి ఎండా గాలీ ఎక్కువ తగులుతాయి, చేను మధ్యలో సంగతి వేరు. లెక్క చూడు. ముక్క పాతిక చదరపు మీటర్లు, ఎకరం సుమారు 4047. అంటే ముక్కలో ఒక్క కిలో తేడా వస్తే ఎకరానికి 162 కిలోలు. మన డెబ్బై అయిదు కిలోల బస్తాల్లో చెప్పుకుంటే రెండు బస్తాల పైచిలుకు. కాలు తడవకూడదన్న బద్ధకం మండలం దిగుబడిని మార్చేస్తుంది. నమూనా అంటే నాకు ఆ బురదే. పుస్తకంలో సూత్రం నువ్వు చదువుకున్నావు కాబట్టి అది మళ్ళీ రాయను.

దిగుబడి మాట వచ్చింది కాబట్టి 2011 సార్వా సంగతి కూడా తెలుసుకో. నువ్వప్పటికి చిన్నపిల్లవి. ధర లేదు, పెట్టుబడి పెరిగింది, మురుగు కాలువలు పూడి చేలు మునుగుతున్నాయి అని కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి నాట్లు మానేశారు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. ఇప్పుడు ఆలోచించు. ఎకరా దిగుబడికి హారం ఏది? నాటిన ఎకరాలు. నాటని ఎకరా అందులో ఉండదు. ఏటా మునిగే పల్లపు చేలు బీడు పడితే, మిగిలినవి మెరక చేలే కాబట్టి సగటు దిగుబడి పెరిగే అవకాశం కూడా ఉంది. రైతు చేతులెత్తేసిన ఏడాది పట్టికలో అభివృద్ధిలా కనపడొచ్చు. అందుకని దిగుబడి పట్టిక పక్కనే విస్తీర్ణం పట్టిక పెట్టుకోకుండా ఒక్క వాక్యం కూడా రాయకు.

నీ రెండో ప్రశ్న, నీతి ఆయోగ్ సుస్థిరాభివృద్ధి లక్ష్యాల సూచీ. ఆంధ్రప్రదేశ్‌కి 2018లో 64, తర్వాత 67, 72, మొన్న 2023–24లో 74. ‘పది పాయింట్ల ప్రగతి’ అని రాశావు. సరిగ్గా చెప్పాలంటే, ప్రతి సూచికలో లక్ష్యాన్ని వందగా, అట్టడుగు రాష్ట్రాన్ని సున్నాగా పెట్టి, మధ్యలో మనమెక్కడున్నామో కొలిచి, వాటికి లక్ష్యం వారీగా సగటు తీసి, మళ్ళీ ఆ సగటులకి సగటు తీస్తారు. మొదటిసారి 13 లక్ష్యాలకి 62 సూచికలు. తర్వాత 100, ఆ తర్వాత 115, చివరికి 113. కొలిచేవే మారినప్పుడు 74 లోంచి 64 తీసేస్తే వచ్చే పదికి అర్థం ఏంటి? కొంత నిజమైన ప్రగతి ఉంది, కాదనను. అది ఎంతో తెలియాలంటే నాలుగు నివేదికల్లోనూ ఉన్న సూచికల్ని మాత్రమే ఏరి పోల్చాలి. విసుగు పనే. చెయ్యి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంకెలతో జాగ్రత్త. రాష్ట్రంలో వయసుకు తగ్గ ఎత్తు లేని అయిదేళ్ళలోపు పిల్లలు నాలుగో సర్వేలో 31.4 శాతం, అయిదో సర్వేలో 31.2. నువ్వు ‘తగ్గింది’ అని రాశావు. తగ్గలేదు, అక్కడే ఉంది. అయిదో సర్వేలో రాష్ట్రం మొత్తం మీద చూసింది 11,346 ఇళ్ళు, అప్పటి 13 జిల్లాలకి పంచితే జిల్లాకి తొమ్మిది వందల లోపు. అంత నమూనాలో సగం దగ్గరుండే శాతం ఏదైనా అటూ ఇటూ మూడుకి పైనే ఊగుతుంది. పిల్లలున్న ఇళ్ళు అందులో ఇంకా తక్కువ. జిల్లా అంకె ఒకటి రెండు శాతాలు కదిలిందని వ్యాసం రాయకూడదు.

భీమవరం వెళ్తానన్నావు కదా, అక్కడ నీళ్ళ సంగతి నీ కళ్ళతో చూడు. రొయ్యల చెరువుల పక్క ఊళ్ళల్లో జనం తాగేది ఇరవై లీటర్ల టిన్ను నీళ్ళు, కొనుక్కుని. సర్వే నిర్వచనంలో ఆర్వో ప్లాంటు నీళ్ళూ, సీసా నీళ్ళూ కూడా ‘మెరుగైన వనరు’ కిందికే వస్తాయి. కాబట్టి ఊరి బావి ఉప్పనైపోయి ఇంటికో టిన్ను దిగుతున్నా, నీళ్ళకి సంబంధించిన ఆరో లక్ష్యంలో ఆ అంకె తగ్గదు. రొయ్యల మీద వచ్చిన ఆదాయం జిల్లా ఉత్పత్తిలో కలుస్తుంది, ఉప్పనైన బావిని అందులోంచి ఎవరూ తీసెయ్యరు. ఏటా వచ్చేదాన్ని ఒక పట్టికలో, నిలవ ఉన్నదాన్ని ఇంకో పట్టికలో రాసుకుని రెండూ పక్కపక్కన పెట్టు. అప్పుడుగానీ ‘సుస్థిర’ అన్న మాట వాడే హక్కు నీకు రాదు.

జనాభా దగ్గర నీకూ నాకూ కూడా దిక్కు లేదు. 2021 జనగణన జరగలేదు, కొత్తది 2027 మార్చి 1 తేదీ లెక్కన వస్తుంది. అప్పటిదాకా తలసరి అంకెలన్నీ అంచనా హారం మీదే నిలబడ్డాయి. టీకాలు 100 శాతం దాటాయని ఎక్కడైనా కనపడితే కంగారుపడకు, కింద వేసిన పిల్లల అంచనా తక్కువై ఉంటుంది. ఆ సంగతి ప్రతి పట్టిక కిందా ఒక ముక్క రాయి. మీ మేష్టారు అడిగితే నేను చెప్పానని చెప్పు.

మండలాల జాబితా పూర్తయ్యాక నాకు పంపు. అది చూసేదాకా కొత్త గ్రాఫు గియ్యకు.

— పెదనాన్న