శ్రీశైల యాత్ర – ఇష్టలింగ నిష్ఠ

వీరశైవునకు ఇష్టలింగమే ఆరాధ్య దైవము. అది దీక్షాకాలమున గురువు కరుణించి కరమున నుంచినది. ప్రాణమున్నంతవరకు దేహమును వీడరానిది. దేహమే దేవాలయమని బసవేశ్వరుని బోధ. అట్టి లింగధారి కొండలెక్కి శ్రీశైలమునకు పోవుట నిష్ఠకు భంగము కాదా? ఈ సంశయము జిజ్ఞాసువులకు తఱచుగా కలుగుచుండును. సమాధానమునకు మున్ను ఆ క్షేత్ర మహిమ నెఱుగవలయును.

క్షేత్రము

శ్రీశైలము నంద్యాల జిల్లాలో, నల్లమల యడవుల నడుమ, కృష్ణానదికి దక్షిణపు గట్టున నున్నది. మల్లికార్జునుడు ద్వాదశ జ్యోతిర్లింగములలో నొకడు. వీరశైవ పంచపీఠములలో సూర్యసింహాసన పీఠము ఇచ్చటనే గలదు. కులభేదము లేక భక్తులు లింగమును తాకి కొలుచుట ఈ క్షేత్రమున అనాదిగా వచ్చుచున్న ఆచారము. నేడు దోర్నాల మీదుగా బస్సులు పోవుచున్నవి. పూర్వము యాత్రికులు ఆత్మకూరు నుండి నాగలూటి, పెద్దచెఱువు, భీముని కొలను దాటి కాలినడకను కైలాసద్వారము చేరెడివారు. ఉగాదికి వచ్చు కన్నడ భక్తులలో అనేకులు నేటికిని ఆ త్రోవనే నడచి వత్తురు. వారు భ్రమరాంబను తమ యాడపడుచుగా భావించి సారె తెత్తురు.

చంద్రవతి కథ

కృష్ణకు ఆవలి గట్టున చంద్రగుప్తపట్టణము నేలు రాజు చిరకాలము యుద్ధములలో గడపి ఇల్లు చేరెను. యౌవనవతియైన చంద్రవతిని చూచి మోహించెను. తన కూతురని తెలిసియు మనసు మరల్చుకొనడయ్యెను. ఆ కన్య నది దాటి, కొండయెక్కి, ఆవులను కాచుకొని బ్రతుకసాగెను. మందలో నొక యావు పాలీయకుండుట గమనించి దాని వెంటబోగా, అది పొదలలోని లింగముపై పాలు ధారగా విడుచుచుండెను. నాటినుండి ఆమె ఆ లింగమునకు మల్లెదండ లర్పించి సేవించెను. శివుడు మెచ్చి ఆ దండను శిరమున దాల్చుటచే మల్లికార్జునుడయ్యెనని స్థలపురాణము. తండ్రి శాపముచే పచ్చబండయై పాతాళగంగలో పడెననియు, అందుచేతనే ఆ నీరు పచ్చగా నుండుననియు జనులు చెప్పుదురు.

రక్షింపవలసిన తండ్రియే భక్షకుడైనపుడు కూతునకు దిక్కెవరు? ఈ ప్రశ్నకు సమాధానముగా వెలసిన దైవము మల్లికార్జునుడు.

శరణుల జాడ

పండ్రెండవ శతాబ్దమున అక్కమహాదేవి కౌశికరాజు గృహమును త్యజించి, కల్యాణమున అల్లమప్రభువు పరీక్షకు నిలిచి, తుదకు శ్రీశైలమందలి కదళీవనమున ఐక్యమొందెను. ఆమె వచనముల అంకితము చెన్నమల్లికార్జునుడే. ఆ శతాబ్దముననే మల్లికార్జున పండితారాధ్యులు బసవేశ్వరుని దర్శింప బయలుదేరి, మార్గమధ్యమున ఆయన లింగైక్యవార్త విని శోకించి, శ్రీశైలము చేరిరి. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున పర్వతప్రకరణమును ఈ క్షేత్ర వర్ణనకే కేటాయించెను.

సమాధానము

అక్కమహాదేవి కొండను చూడకమున్నే చెన్నమల్లికార్జునుని తన పతిగా వరించినది. కొండ ఆమెకు లింగము నీయలేదు. ఆమె లింగనిష్ఠయే ఆమెను కొండకు నడపినది. కావున శ్రీశైలమున నున్నది వేఱొక దైవము కాదు. కరమందలి లింగమునకును గర్భగుడిలోని లింగమునకును భేదమెన్నిన యాత్ర వ్యర్థము. ఇంట అర్చన మాని, శిఖరము చూచినంతనే తరింతునని తలంచుట అంతకన్న వ్యర్థము. నిత్యార్చన తప్పక, శరణుల నడకను స్మరించుచు పోవువానికి యాత్ర నిష్ఠకు భంగము గాదు, బలము.

ఇంకొక మాట. చంద్రవతికిని అక్కకును ఆశ్రయమిచ్చిన కొండకు మ్రొక్కి, ఇల్లు చేరి, ఆశ్రయము కోరిన యాడుబిడ్డకు తలుపు మూయువాడు ఏమి దర్శించినట్లు? ఇంటి గడపను శ్రీశైలముగా చేసికొనుటయే యాత్రాఫలము.

మననము చేయవలసిన ప్రశ్నలు

1. చంద్రవతి, అక్కమహాదేవి చరితములందలి సామ్యమేమి?
2. ఇష్టలింగ నిష్ఠకు యాత్ర ఎప్పుడు బలమగును? ఎప్పుడు వ్యర్థమగును?
3. ఉగాదికి సారె తెచ్చు భక్తుల భావము మన ఇండ్లలో ఎట్లు ఆచరింపబడవలయును?