డిఫరెన్షియల్ లాక్ పెడల్ మొరాయిస్తే ఏం చూడాలి? – చిన్న ట్రాక్టర్ లబ్ధిదారులకు పాఠం

వ్యవసాయ యాంత్రీకరణ పథకం కింద రాయితీపై చిన్న ట్రాక్టర్ తీసుకున్న రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు ఈ పాఠం. బండి బురదలో దిగబడినప్పుడు బయటపడేసేది డిఫరెన్షియల్ లాక్. దీన్నే మన మెకానిక్‌లు డిఫ్ లాక్ అంటారు. అది పడకపోతే ఒక పూట పని ఆగుతుంది. పడ్డాక వదలకపోతే మాత్రం బండి తిరగబడే ప్రమాదం ఉంది. చిన్న ట్రాక్టర్ వెడల్పు తక్కువ కాబట్టి గట్ల మీద, వాలు నేలల్లో ఇంకా జాగ్రత్త కావాలి.

1. డిఫ్ లాక్ చేసే పని ఏమిటి?

మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి. వెనుక ఇరుసులో ఉండే డిఫరెన్షియల్ గేర్లు ఈ వెసులుబాటు ఇస్తాయి. అయితే దమ్ము చేసేటప్పుడు, అంటే కరిగెట పనిలో, ఒక చక్రం బురదలో జారితే ఇదే వెసులుబాటు మనకు ఎదురు తిరుగుతుంది. జారే చక్రం గిర్రున తిరుగుతుంది, గట్టి నేల మీదున్న చక్రం ఆగిపోతుంది.

పెడల్ తొక్కితే లోపల ఒక ఫోర్క్ కదిలి, పళ్లున్న కాలర్‌ను లేదా పిన్నులను జరిపి రెండు వైపుల ఇరుసులను కలిపేస్తుంది. అప్పుడు రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతాయి. కాలు తీస్తే స్ప్రింగ్ దాన్ని వెనక్కి లాగేస్తుంది. చాలా మోడళ్లలో ఈ పెడల్ సీటు కింద, కుడి మడమ దగ్గర ఉంటుంది. కొన్నింటిలో చేతి లివర్ ఇస్తారు. మీ బండిలో ఎక్కడుందో మాన్యువల్ బొమ్మలో చూసుకోండి.

2. ముందు వాడకం సరిచూసుకోండి

పెడల్ చెడిపోయిందనుకున్న సందర్భాల్లో కొన్నిసార్లు తప్పు వాడకంలోనే ఉంటుంది. సరైన వరుస ఇది:
• చక్రం జారుతుంటే క్లచ్ తొక్కి చక్రాలను ఆగనివ్వండి. గిర్రున తిరిగే చక్రం మీద లాక్ వేస్తే పళ్లు విరుగుతాయి.
• స్టీరింగ్ నేరుగా పెట్టండి. యాక్సిలరేటర్ తగ్గించండి. లో గేర్ వేయండి.
• పెడల్ తొక్కి, కాలు అలాగే ఉంచి, క్లచ్ మెల్లగా వదలండి.
• గట్టి నేల మీదకు రాగానే, మలుపుకు ముందే, కాలు తీసేయండి.

తొక్కగానే లాక్ పడకపోతే కంగారు పడకండి. లోపలి పళ్లు ఎదురెదురుగా తగిలి ఉండొచ్చు. చక్రం కొద్దిగా కదిలితే పళ్లు సర్దుకుని లాక్ పడుతుంది. బలంగా తన్నితే పెడల్ రాడ్ వంగుతుంది.

3. పెడల్ తొక్కినా లాక్ పడటం లేదు

సమాన నేల మీద బండి ఆపి, ఇంజిన్ ఆర్పి, హ్యాండ్ బ్రేక్ వేసి, తాళం చెవి తీసి ఈ వరుసలో చూడండి:
• పెడల్ కింద ఎండిన మట్టి, గడ్డి ఉంటే తీసేయండి. పెడల్ పూర్తిగా కిందికి దిగాలి.
• పెడల్ నుంచి హౌసింగ్‌కు వెళ్లే రాడ్‌ను చేత్తో కదపండి. పిన్ అరిగి ఊగుతోందా, స్ప్లిట్ పిన్ ఊడిపోయిందా చూడండి. స్ప్లిట్ పిన్ స్థానంలో మేకు గానీ తీగ గానీ పెట్టొద్దు.
• రాడ్ వంగిందా, దాని నట్టు వదులైందా గమనించండి. రాడ్ పొడవు సర్దుబాటు డీలర్ మెకానిక్‌తోనే చేయించండి.

బయట అన్నీ బాగుండి లాక్ పడటం లేదంటే లోపల ఫోర్క్ గానీ పళ్లు గానీ అరిగి ఉండొచ్చు. అది పొలంలో విప్పే పని కాదు.

4. లాక్ పడింది, వదలడం లేదు

ఇది అన్నింటికన్నా ప్రమాదం. గుర్తులు: స్టీరింగ్ తిప్పినా బండి నేరుగానే పోతుంది, మలుపులో లోపలి చక్రం నేలను గీరుతుంది, పెడల్ కిందే ఉండిపోతుంది. ఇలా ఉంటే రోడ్డెక్కొద్దు.

కారణం రెండు రకాలు. ఒకటి, రెండు చక్రాల మీద లాగుడు సమానంగా లేక పళ్లు బిగుసుకుపోవడం. దీనికి ఖాళీ జాగాలో వేగం బాగా తగ్గించి, స్టీరింగ్ నేరుగా పెట్టి, ఎడమ, కుడి బ్రేకులను ఒకదాని తర్వాత ఒకటి తేలిగ్గా తాకించండి. లేదా కొంచెం వెనక్కి పోనివ్వండి. బిగువు సడలి పెడల్ పైకి వస్తుంది.

రెండోది, పెడల్ ఇరుసు తుప్పు పట్టడం లేదా రిటర్న్ స్ప్రింగ్ సాగిపోవడం, తెగిపోవడం. ఇంజిన్ ఆర్పి, తుప్పు శుభ్రం చేసి, కీలు దగ్గర గ్రీజు పెట్టండి. అయినా పెడల్ దానంతట అది రాకపోతే స్ప్రింగ్ మార్చాలి. పెడల్‌ను తాడుతో పైకి కట్టి పని కానిచ్చేయడం పరిష్కారం కాదు.

5. చప్పుడు వస్తే

లాక్ వేసేటప్పుడు ఒకసారి 'టక్' అనడం మామూలే. గరగరమని ఆగకుండా వస్తే వెంటనే కాలు తీసి బండి ఆపండి. మెకానిక్ వెనుక హౌసింగ్ ఆయిల్ తీసినప్పుడు అందులో ఇనుప ముక్కలు ఉన్నాయేమో మీరూ చూడండి. ముక్కలుంటే పళ్లు విరిగినట్టే. నడిపేకొద్దీ ఖర్చు పెరుగుతుంది.

6. ప్రాణం మీదకు తెచ్చుకోవద్దు

లాక్ వేసినా బండి కదలకపోతే మొండిగా యాక్సిలరేటర్ పెంచొద్దు. వెనుక చక్రాలు బురదలో పట్టేసినప్పుడు ముందు భాగం లేచి బండి వెనక్కి తిరగబడుతుంది. చక్రాలకు కర్రలు, దుంగలు కట్టి ముందుకు లాగించడం కూడా ఇలాగే ప్రాణాలు తీస్తుంది. చక్రాల వెనుక మట్టి తవ్వి వెనక్కి రావడానికి ప్రయత్నించండి. లేదంటే ఇంకో ట్రాక్టర్‌తో లాగించండి. రక్షణ ఫ్రేమ్ ఉన్న బండి అయితే సీట్ బెల్ట్ పెట్టుకోండి. పక్కన మడ్‌గార్డ్ మీద ఎవరినీ కూర్చోబెట్టొద్దు.

7. మరమ్మతు ఖర్చు ఎవరిది? ఎవరిని అడగాలి?

కేంద్ర యాంత్రీకరణ ఉపమిషన్ 2014-15లో మొదలైంది. అందులో చిన్న, సన్నకారు, ఎస్సీ, ఎస్టీ, మహిళా రైతులకు 50 శాతం, ఇతరులకు 40 శాతం వరకు, గరిష్ఠ పరిమితికి లోబడి రాయితీ ఉంటుంది. ఈ రాయితీ కొనుగోలుకే. మరమ్మతు బాధ్యత వారంటీ ప్రకారం కంపెనీది, డీలర్‌ది. "రాయితీ బండి కదా, వారంటీ లేదు" అని ఎవరన్నా నమ్మొద్దు. బిల్లు, వారంటీ కార్డు, సర్వీస్ కూపన్లు, ప్రతిసారి ఇచ్చే జాబ్ కార్డు భద్రంగా ఉంచండి. ఫిర్యాదు నోటితో కాకుండా రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

డీలర్ పట్టించుకోకపోతే ముందు మీ క్లస్టర్ వ్యవసాయ విస్తరణాధికారిని రైతు వేదికలో కలవండి. తర్వాత మండల వ్యవసాయాధికారి. సలహాకు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551, వారంటీ ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. సొంత జీవనోపాధి కోసం కొన్న యంత్రానికి 2019 చట్టం వర్తిస్తుంది. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. సమస్య తలెత్తిన రెండేళ్లలోపు కేసు వేయాలి.

పెడల్ సమస్య కోసం పని మానుకుని, ఛార్జీలు పెట్టుకుని పంజాగుట్ట దాటి ప్రజాభవన్ దాకా, బంజారాహిల్స్ ఆఫీసుల దాకా రావాల్సిన పని లేదు. డీలర్ దగ్గర, మండలంలో తేలకపోతే సోమవారం మీ కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో జాబ్ కార్డు నకలు జతచేసి అర్జీ ఇవ్వండి.

గుర్తుంచుకోండి: నేరుగా పోయేటప్పుడే లాక్. మలుపుకు ముందే వదలాలి. రోడ్డు మీద అసలే వద్దు. బురద పని అయిన ప్రతి సాయంత్రం పెడల్ చుట్టూ కడిగి, ఒకసారి తొక్కి వదిలి, అది దానంతట అదే పైకి వస్తోందో లేదో చూసుకోండి. ఇంట్లో ఇంకెవరైనా బండి నడుపుతుంటే వారికీ ఈ పాఠం చదివి వినిపించండి.