వెనుక ఇరుసు లెక్క

తెలుగు బోధించు మాకు బండి లెక్క యేల యని మీరనవచ్చును. మరిపెడ నుండి వరంగల్లు ఏనుమాముల మార్కెట్టుకు మిర్చి బస్తాలు మోయు పాత పికప్ బండ్లు మనలో పలువురి యిండ్లకు జీవనాధారములు. ఇరుసు చెడి, పాత సామానులో మరొకటి కొన్నపుడు అది అమరినంతనే చాలదు. పళ్ల నిష్పత్తియు కలియవలెను. కలియనిచో బరువు లాగు శక్తి మారును, స్పీడోమీటరు తప్పు చూపును.

క్రౌను చక్రమునకు 41, పినియనుకు 10 పళ్లున్నచో నిష్పత్తి 4.1. దీనిని విప్పకయే కనుగొనవచ్చును. చదును నేలపై ముందు చక్రములకు దిమ్మలు వేసి, ఇంజను ఆపి, గేరు న్యూట్రలులో నుంచి, చేతి బ్రేకు వదలి, వెనుక చక్రమొకటి మాత్రమే జాకీతో ఎత్తి స్టాండుపై నిలుపవలెను. టైరుకు, ప్రొపెల్లరు షాఫ్టుకు సుద్దతో గుర్తులిడి, చక్రమును 20 చుట్లు త్రిప్పవలెను. షాఫ్టు 41 చుట్లు తిరిగిన దనుకొందము.

41ని 20తో భాగించి 2.05 అనుట పొరపాటు. డిఫరెన్షియలు పెట్టె రెండు చక్రముల చుట్ల సగటుగా తిరుగును: (20+0)÷2=10. కావున 41÷10=4.1. మలుపులో వెలుపలి చక్రము వేగముగను, లోపలిది మెల్లగను తిరుగుటకు మూలము ఈ సూత్రమే. లాకు గల డిఫరెన్షియలుకు ఈ పద్ధతి చెల్లదు.

విద్యార్థులారా! ఇరుసు కొనుటకు ముందే ఈ లెక్క మీ యింటివారికి చేసి చూపుడు.