బరువు తగ్గటానికి ఆధ్యాత్మిక పుస్తకాలు పనికొస్తాయా? – ఒక పరిశీలన



ఏటా వార్షికోత్సవానికి పాత విద్యార్థులు వచ్చినప్పుడు ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "హాస్టల్లో ఉన్నప్పుడు ప్యాంటు జారకుండా తాడు కట్టుకునేవాళ్ళం, ఇప్పుడు గుండీ పట్టటం లేదు" అని. అందరం నవ్వుకుంటాం. కాని ఆ నవ్వు వెనుక షుగరు బిళ్ళ, బీపీ బిళ్ళ ఉన్నాయి. కిందటిసారి ఒక అన్నయ్య సంచిలోంచి మూడు పుస్తకాలు తీసి చూపించారు. ఒకటి ధ్యానం మీద, ఒకటి ప్రార్థన మీద, ఒకటి సంకల్ప బలం మీద. "వీటితో ఒళ్ళు తగ్గుతుందంటారా?" అని అడిగారు. ఆ రోజే ఇంటర్ చదివే ఒక చెల్లెలు కళ్ళు తిరిగి పడిపోయింది. అలాంటి పుస్తకమే చదివి వారం రోజులుగా రాత్రి అన్నం మానేసిందని తర్వాత తెలిసింది. ఆ అమ్మాయికి తగ్గాల్సిన బరువే లేదు. ఈ రెండు సంగతులూ కలిసి ఈ వ్యాసం రాయించాయి.

బరువు ఎక్కువో కాదో తెలుసుకోవటం ఎలా?

ముందు లెక్క చూద్దాం. కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తును ఎత్తుతో గుణిస్తే వచ్చే సంఖ్యతో భాగించాలి. 1.65 మీటర్ల ఎత్తు, 80 కిలోల బరువు ఉన్నవారికి ఈ సంఖ్య 29.4 వస్తుంది. మన దేశం వారికి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అని 2009లో వైద్య నిపుణులు నిర్ణయించారు. 18.5 కంటే తక్కువైతే బక్కతనం. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. ఈ హద్దులు పెద్దవారికే. ఎదిగే పిల్లలకు వయసును బట్టి వేరే పట్టికలు ఉంటాయి.

2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 24 శాతం ఆడవారు అధిక బరువుతో ఉంటే, 18.7 శాతం ఆడవారు ఉండాల్సినంత బరువు లేక బక్కగా ఉన్నారు. అంటే ఒకే దేశంలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో, రెండు కష్టాలూ ఉన్నాయి. ఒకరికి రాసిన పుస్తకం ఇంకొకరి చేతిలో పడితే ఏమవుతుందో మన చెల్లెలి సంగతే చెబుతోంది.

బరువు ఎందుకు పెరుగుతుంది?

ఖర్చయ్యే శక్తి కంటే తినే శక్తి ఎక్కువైతే మిగిలింది కొవ్వుగా నిలవ ఉంటుంది. 100 గ్రాముల బియ్యంలో సుమారు 350 కెలోరీలు ఉంటాయి. చిన్న చెంచాడు నూనెలో 45, చెంచాడు పంచదారలో 20. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో సుమారు 30 గ్రాముల పంచదార ఉంటుంది. అరగంట వేగంగా నడిస్తే ఖర్చయ్యేది 100 నుంచి 150 కెలోరీలు మాత్రమే. పొలం పనికి వెళ్ళే మన నాన్న తిన్నంత అన్నం, కుర్చీలో కూర్చుని పని చేసే మనం తింటే అది ఎక్కడికి పోతుంది?

అయితే అంతా తిండిపోతుతనమే అనుకోవటం కూడా పొరపాటు. థైరాయిడ్ జబ్బు, ఆడపిల్లల్లో అండాశయ సమస్యలు, కొన్ని మందులు, వంశం, నిద్రలేమి కూడా కారణాలే. చిన్నతనంలో తిండి చాలక పెరిగినవారికి, పెద్దయ్యాక ఒక్కసారిగా ఒళ్ళు వస్తే షుగరు వచ్చే అవకాశం ఎక్కువని పరిశోధకులు చెబుతున్నారు. హాస్టళ్ళలో పెరిగిన మనవాళ్ళు ఈ మాట ముఖ్యంగా గుర్తుంచుకోవాలి.

పుస్తకాలు ఏం చెబుతున్నాయి?

ఇలాంటి పుస్తకాలు మూడు రకాలు.

మొదటి రకం, ఆలోచన ఒక్కటే చాలు అనేవి. 2006లో రోండా బర్న్ రాసిన 'ది సీక్రెట్' తెలుగులో కూడా దొరుకుతుంది. బరువు పెరగటానికి కారణం తిండి కాదు, తిండి వల్ల బరువు పెరుగుతామనే మన ఆలోచనే అని అందులో ఉంది. ఇది శాస్త్రానికి నిలిచే మాట కాదు. తెలియక ఎక్కువ తిన్నవారికి కూడా ఒళ్ళు వస్తుంది. పసిబిడ్డకు ఏ ఆలోచన ఉందని బరువు పెరుగుతోంది?

రెండో రకం, భక్తితో పాటు నియమం, తోడు కూడా ఇచ్చేవి. ప్రార్థనతో బరువు తగ్గాలంటూ అమెరికాలో చార్లీ షెడ్ అనే పాస్టరు 1957లోనే పుస్తకం రాశారు. 1960లో లాస్ ఏంజెలెస్‌లో 'ఓవర్ ఈటర్స్ అనానిమస్' మొదలైంది. తాగుడు మానేవారి సంఘాల పద్ధతిలో, అతిగా తినే అలవాటు ఉన్నవారు కూడి కూర్చుని ఒకరికొకరు ధైర్యం చెప్పుకుంటారు. 2011లో రిక్ వారెన్ అనే పాస్టరు తన చర్చిలో 'డేనియల్ ప్లాన్' ప్రారంభించారు. 2013లో అది పుస్తకంగా వచ్చింది. అందులో ప్రార్థనతో పాటు వైద్యులు చెప్పిన ఆహార నియమాలు, వ్యాయామం, చిన్న చిన్న బృందాలు ఉన్నాయి. కాబట్టి అక్కడ ఎవరైనా తగ్గితే ఆ ఫలితం పుస్తకం ఒక్కదానిదే అనలేం.

మూడో రకం, ధ్యానం, ఎరుకతో తినటం నేర్పేవి. వీటి మీద పరిశోధనలు చాలా జరిగాయి. దిగులుతో తినటం, ఆపుకోలేక తినటం తగ్గటానికి ఇవి సాయపడుతున్నాయని తేలింది. కాని తూకంలో తేడా మాత్రం కొన్ని పరిశోధనల్లో కనిపించింది, కొన్నింటిలో కనిపించలేదు.

దానియేలు కథలో మరచిపోయే మాట

మన స్టూవర్టుపురంలో సండే స్కూలుకు వెళ్ళిన ప్రతివారికీ దానియేలు కథ తెలుసు. రాజుగారి భోజనం వద్దని, అతడూ స్నేహితులూ పది రోజులు శాకాహారం, నీళ్ళు మాత్రమే తీసుకున్నారు. బరువు తగ్గించే పుస్తకాలు ఈ కథనే ఉదాహరణగా చూపిస్తాయి. కాని బైబిలు తీసి మొదటి అధ్యాయం పూర్తిగా చదవండి. పది రోజుల తర్వాత వారు మిగిలినవారి కంటే కళగా, ఒళ్ళు చేసి కనిపించారని ఉంటుంది! వారు ఆ పని చేసింది సన్నబడటానికి కాదు, తమ నియమం తప్పకుండా ఉండటానికి. గ్రంథం ఒక సంగతి చెబితే, దాన్ని మన అవసరానికి మరో సంగతిగా మార్చుకోకూడదు. భగవద్గీత ఆరో అధ్యాయంలో కూడా అతిగా తినేవాడికీ, అసలు తిననివాడికీ యోగం కుదరదని ఉంది. ఆ రెండో సగాన్ని చాలామంది చెప్పరు.

కోసల రాజు కథ

మన జిల్లాలోనే భట్టిప్రోలు స్తూపం ఉంది. 1892లో అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు అక్కడ ధాతు కరండాలు బయటపడ్డాయి. అంటే బుద్ధుని మాట మన నేలకు కొత్త కాదు. బౌద్ధుల సంయుత్త నికాయంలో ఒక కథ ఉంది. కోసల రాజు ప్రసేనజిత్తు ద్రోణమంత అన్నం తిని, ఆయాసపడుతూ బుద్ధుని దగ్గరకు వచ్చాడు. మితంగా తినేవాడికి బాధలు తగ్గుతాయని, ముసలితనం మెల్లగా వస్తుందని బుద్ధుడు ఒక గాథ చెప్పాడు. రాజు అక్కడే ఉన్న సుదర్శనుడనే కుర్రవాణ్ణి పిలిచి, ఆ గాథ నేర్చుకుని తాను భోజనం చేసేటప్పుడల్లా చదవమన్నాడు. రోజుకు నూరు కార్షాపణాలు ఇస్తానన్నాడు. మెల్లమెల్లగా రాజు అన్నం చిన్న కొలతకు తగ్గింది, ఒళ్ళూ తగ్గింది.

మంచి మాట విన్నంత మాత్రాన రాజు తగ్గలేదని గమనించండి. ఆ మాట కంచం దగ్గరకు వచ్చింది. గుర్తు చేసే మనిషి పక్కన ఉన్నాడు. రోజూ జరిగింది. తిండి నిజంగా తగ్గింది. ఈ నాలుగూ ఉంటే ఆధ్యాత్మిక పుస్తకం పనికొస్తుంది. లేకపోతే ట్రంకు పెట్టెలో మరో పుస్తకం చేరుతుంది, అంతే.

మన ఊరు నేర్పిన పాఠం

ఇక్కడ మన చరిత్ర కూడా తలచుకోవాలి. ఎరుకలవారు ఒకప్పుడు ఉప్పు, ధాన్యం పశువుల మీద వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకునేవారు. రైళ్ళు వచ్చి, ప్రభుత్వ ఉప్పు విధానాలు మారి ఆ బతుకుతెరువు పోయింది. ఆ కారణాలన్నీ వదిలేసి, 1871లో వచ్చిన నేరస్త తెగల చట్టం పుట్టుకతోనే మనుషుల మీద ముద్ర వేసింది. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యంలో మన సెటిల్‌మెంటు ఏర్పడింది. చట్టం రద్దయింది 1952లో. కడుపుకు, పనికి, దారికి సంబంధించిన కష్టాన్ని గుణంలో లోపమని తేల్చారు. మీలో ఏదో చెడు ఉందన్నారు.

బరువు తగ్గకపోతే "నీ మనసు శుద్ధిగా లేదు, నీ నమ్మకం చాలలేదు" అని చెప్పే పుస్తకం కూడా అదే పని చేస్తోంది. థైరాయిడ్ ఉన్న అక్కయ్యకు, రాత్రి డ్యూటీ చేసే అన్నయ్యకు ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో ఆలోచించండి. కష్టానికి కారణం వెతకాలి గాని మనిషిని దోషిగా నిలబెట్టకూడదు. ఇది మన తాతముత్తాతల బతుకు మనకు నేర్పిన పాఠం.

పుస్తకాన్ని పరీక్షించే అయిదు ప్రశ్నలు

1. ఏం తినాలో, ఎంత తినాలో, ఎంత నడవాలో స్పష్టంగా చెప్పిందా?
2. ఇది ఎవరికి పనికిరాదో చెప్పిందా? ఎదిగే పిల్లలు, గర్భిణులు, షుగరు ఉన్నవారి సంగతి ఉందా?
3. మందులు మానమంటోందా? మానమంటే ఆ పుస్తకం అక్కడే మూసెయ్యండి. షుగరు బిళ్ళ వేసుకుంటూ ఉపవాసం చేస్తే చక్కెర పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.
4. ఫలితం రాకపోతే తప్పంతా మీదేనంటోందా?
5. పుస్తకం తర్వాత మరో పుస్తకం, శిబిరం, పొడి డబ్బా కొనమంటోందా?

ఇక మనం చేయవలసింది

పెద్దవారికి: 80 కిలోల మనిషి 4 కిలోలు తగ్గినా, అంటే నూటికి 5 వంతులు తగ్గినా, షుగరు, బీపీలలో మేలు కనిపిస్తుంది. వారానికి అరకిలో చాలు. అన్నం ఒక గరిటె తగ్గించి, కూర, పప్పు పెంచండి. కూల్‌డ్రింకు బదులు మజ్జిగ తాగండి. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవండి. ముందు రక్త పరీక్ష చేయించుకోండి. ప్రార్థన చేసేవారు అన్నం ముందు ప్రార్థన మానవద్దు. ఆ నిమిషంలోనే "ఈ పూట ఎంత చాలు?" అని కూడా అడుక్కోండి.

హాస్టల్లో ఉన్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు: ఇది ఎముక, కండ కట్టే వయసు. పూట మానవద్దు. గుడ్డు, పాలు వదలవద్దు. ఎవరైనా లావని గాని, బక్కని గాని వెక్కిరిస్తే అది చదువుకున్నవారి లక్షణం కాదని చెప్పండి. పక్క మంచం మీది పిల్ల రెండు పూటలు తినకపోతే వార్డెన్ గారికి చెప్పటం చాడీ కాదు, సాయం.

కాబట్టి మా తీర్పు ఇది: ఆధ్యాత్మిక పుస్తకం మనసుకు ఓర్పు ఇవ్వగలదు, బరువు దించలేదు. ఆ ఓర్పుతో కంచాన్నీ కాళ్ళనూ సరిచేసుకున్నవారికే దానివల్ల లాభం. పుస్తకాలు చూపించిన ఆ అన్నయ్యకు మేము చెప్పేదేమిటంటే: వాటిలో నచ్చిన ఒకటి ఉంచుకోండి, మిగిలిన రెండూ హాస్టలు లైబ్రరీకి ఇవ్వండి. సాయంత్రం నడకకు తోడుగా ఒక సుదర్శనుణ్ణి వెతుక్కోండి. వచ్చే వార్షికోత్సవానికి మీ నడుము కొలత చెబుతారని ఎదురుచూస్తుంటాం.